పొగాకు బ్యారన్‌లో సుబ్బారాయుడు

మా సిరికి నాలుగేళ్ళు. ఏ ప్రాణిని చూసినా అది మొదట అడిగే మాట "కరుస్తుందా?" అని. కాకిని చూసినా అంతే, సీతాకోకచిలుకని చూసినా అంతే. ఎవరు నేర్పారో వెతకనక్కర్లేదు. దోమల క్రీమూ, థర్మామీటరూ, ఓఆర్‌ఎస్ పొట్లాలూ లేకుండా పార్కుకైనా బయల్దేరని తల్లికి పుట్టింది. గుంటూరులో మా ఫ్లాటు బాల్కనీకి పావురాలు రాకుండా వల కట్టించాం. పిల్ల ఆ వల కన్నాల్లోంచే ఆకాశం చూస్తుంది.

అందుకే, పర్చూరు దగ్గర టీచరుగా పనిచేసే నా డిగ్రీ స్నేహితురాలు సుజాత ఫోన్ చేసి, "ఆదివారం రావే, ఒక బీడుని పిట్టలకి బాగుచేస్తున్నాం, మనుషులు కావాలి" అన్నప్పుడు, నోటిదాకా వచ్చిన కారణాలన్నీ మింగేసి సరేనన్నాను. బయల్దేరే ముందు మా వారు నా సంచీ ఎత్తి చూసి, "దీన్ని నువ్వు మోస్తావా, ఇదే నిన్ను మోస్తుందా?" అన్నారు.

గుంటూరు బస్టాండులో ఆరున్నరకి చీరాల బస్సు ఎక్కాం. ఆధార్ కార్డు చూపిస్తే కండక్టరు ఆడవాళ్ళకిచ్చే ఉచిత సున్నా టికెట్టు కొట్టి ఇచ్చాడు. ప్రత్తిపాడు దాటేసరికి తెల్లగా మంచు. దాని కింద పత్తి చేలు చివరి తీత కూడా అయిపోయి ఎండు కట్టెతో నిలబడి ఉన్నాయి. కాసేపటికి మంచు విడిపోయి, రోడ్డు పక్క కల్లాల్లో ఆరబోసిన మిరపకాయలు బయటపడ్డాయి. పొలానికి పొలం ఎర్రటి దుప్పటి కప్పుకుని పడుకున్నట్టుంది. ఘాటుకి బస్సంతా ఒకేసారి తుమ్మింది. నేను పిల్లకి మాస్కు పెట్టాను.

పక్క సీటు పెద్దావిడ చాలాసేపటి నుంచి మమ్మల్నే చూస్తోంది. "స్వెట్టరూ, దానిమీద టోపీ, దానిమీద ఆ గుడ్డా... లోపల పిల్ల ఉందా అమ్మాయ్?" అంది.

నవ్వాను. ఎక్కడికని అడిగితే చెప్పాను.

"పిట్టల్ని పిలవడానికి గుంటూరు నుంచి బస్సెక్కావా! మా ఆయన జొన్న వేసిన ఏడు, పిలవకుండానే జిల్లాలో పిట్టలన్నీ మా చేలో దిగాయి. డబ్బా వాయించీ వాయించీ నా రెక్కలు పడిపోయాయి." పెదనందిపాడులో దిగబోతూ పిల్ల చేతిలో నాలుగు రేగుపళ్ళు పెట్టింది. "కడిగే పెట్టులే. నువ్వు కడక్కుండా పెట్టే మనిషివి కాదుగా."

పర్చూరులో సుజాత మా కోసం ఇడ్లీ పొట్లంతో నిలబడి ఉంది. అక్కడి నుంచి షేర్ ఆటోలో పావుగంట. రోడ్డు పక్కన దిగి పొలం గట్టు మీద కొంత దూరం నడవాలి. వెళ్ళాలనుకునేవాళ్ళు బూట్లు వేసుకుని వెళ్ళండి, దారంతా సర్కారు తుమ్మ ముళ్ళే.

ఆ బీడు కోటయ్య గారిది. ఒకప్పుడు పొగాకు వేసేవారట. మానేశాక, ఆకు కాల్చే బ్యారన్ చుట్టూ ఉన్న రెండెకరాలూ అలాగే వదిలేశారు. బ్యారన్ అంటే పొగాకు వేడికి ఆరబెట్టే గది. కిటికీల్లేని ఇటుక గోడలు రెండంతస్తుల ఎత్తున లేచి ఉంటాయి. రేకుల కప్పు కింద ఒక పక్కన గాలి కోసం వదిలిన కన్నం. కోటయ్య గారి ఇల్లు ఆ బీడుని ఆనుకునే ఉంది.

మాతో ఇంకో నలుగురు వచ్చారు. మగవాళ్ళు ముళ్ళకంప నరుకుతుంటే మేం నీళ్ళ కోసం మట్టి మూకుళ్ళు పాతాం. తర్వాత ఇంగ్లీషు టీ అక్షరంలా కట్టిన కర్రలు అక్కడక్కడా నాటాం. పురుగుల్ని ఏరుకు తినే పిట్టలు వచ్చి వాలతాయని చేలల్లో పెట్టేవే ఇవి. నాటిన కర్ర ఇంకా ఊగుతుండగానే ఒక పసులపోలిగాడు వచ్చి కూర్చున్నాడు. నిగనిగలాడే నలుపు, చీలిన తోక.

"కరుస్తుందా?" అంది సిరి నా వెనక దాక్కుని.

"పురుగుల్ని."

ఆ జవాబుని అది చాలాసేపు నమిలింది.

మధ్యాహ్నం కోటయ్య గారి భార్య రమణమ్మ గారు అందరికీ అన్నం పెట్టారు. గోంగూర పచ్చడి, పప్పు, గడ్డపెరుగు. భోజనాలయ్యాక కోటయ్య గారు సుజాతనీ నన్నూ పక్కకి పిలిచారు.

"సుజాతమ్మా, మీరు జీవాల సంగతి తెలిసినోళ్ళు. ఆ బ్యారన్ పడగొట్టి ఇటుకలు అమ్ముదామంటే ఈవిడ పడనివ్వదు. లోపల సుబ్బారాయుడు ఉన్నాడంటది."

మా వైపు పాముని పేరుపెట్టి పిలవరు, సుబ్బారాయుడు అంటారు. రమణమ్మ గారు అక్కణ్ణుంచే గొంతెత్తారు. "ఉన్నాడంటది ఏంది? నువ్వు విన్లా బుస? ప్రతి మంగళారం పాలు పోస్తన్నా, పొద్దునకి గిన్నె ఖాళీ!"

"పక్కింటి పిల్లి బలిసింది అందుకేనే. చూడండమ్మా, ట్రాక్టరుకి రేపటికే చెప్పా. మీరు లోపల చూసి, పాము లేదని ఈవిడకి చెప్పండి చాలు."

అందరం బ్యారన్ దగ్గరికి వెళ్ళాం. గుమ్మానికి పదడుగుల దూరంలో ఉండగానే వినిపించింది. ఆగకుండా, లోతుగా, పెద్ద కుక్కరు ఆవిరి వదిలినట్టు బుస. నేను పిల్లని చంకనేసుకుని గట్టు దాకా పరిగెత్తాను. వెనక్కి తిరిగి చూస్తే రమణమ్మ గారు చేతులు జోడించి నిలబడి ఉన్నారు. సుజాత గుమ్మం ముందు వంగి, నేల మీద ఏదో చూస్తూ నన్ను చెయ్యి ఊపి పిలుస్తోంది.

ఎలా వెళ్ళానో నాకే తెలీదు. పిల్లని రమణమ్మ గారికి అప్పజెప్పి వెళ్ళాను. నేల మీద బొటనవేలంత నల్లటి ఉండలు ఉన్నాయి. పుల్లతో ఒకదాన్ని విడదీశాను. బొచ్చు, దాని మధ్య తెల్లగా కడిగినట్టున్న ఎలక పుర్రె, సన్నటి పళ్ళతో సహా. డిగ్రీ జువాలజీ ల్యాబులో ఎన్నోసార్లు చూసిన పుర్రే. పాము మింగిన ఎలకని ఇలా ఉండచుట్టి కక్కదు. తల ఎత్తితే గోడ పైనుంచి కిందికి సున్నం ఒలికినట్టు తెల్లటి చారలు.

"సుజా, ఇది పాము కాదే" అన్నాను.

సుజాత మిగిలిపోయిన టీ కర్ర తెచ్చి, దాని చివర ఫోన్ కట్టి, లైటు వేసి, వీడియో పెట్టి మెల్లగా పైకి లేపింది. లోపల ఇప్పటికీ పొగాకు వాసన. బుస ఇంకా పెరిగింది. ఒక్క నిమిషం మాత్రమే ఉంచి, దించి, బయటికి వచ్చి చూశాం.

గోడ పైఅంచున మూడు పిల్లలు, ఒకదానికంటే ఒకటి చిన్నది, మెట్లలా. దూదిలాంటి ఒళ్ళు. ఈకలతో గుండ్రంగా తీర్చిన తెల్లటి ముఖాలు, వాటిలో నల్లద్రాక్ష లాంటి కళ్ళు. తెల్ల గూబ పిల్లలు. నోరు తెరిచి మూడూ కలిసి బుసకొడుతున్నాయి. ఇంత అందమైనది ఆ చీకట్లో, ఇంటి గోడకి ఆనుకుని, ఎవరికీ తెలియకుండా పెరుగుతోంది.

సుజాత నా చెవిలో గొణిగింది. "పామనే చెబుదామే. ఆవిడ పాలు పోసుకుంటది, ఈయన గోడ ముట్టడు. గూబంటే రేపీపాటికి పిల్లలతో సహా నేలమట్టం."

నిజమే. పాముకైతే దణ్ణం పెడతారు, గూబ అయితే కీడంటారు. పామని చెప్పడమే మేలనిపించింది కూడా. ఆలోచించుకునే లోపే సిరి వచ్చి నా చేతిలో ఫోన్ లాక్కుంది.

"చూశావా తల్లీ సుబ్బారాయుణ్ణి?" అన్నారు రమణమ్మ గారు.

"పాము కాదు, పిట్ట! ఆపిల్‌పండు సగానికి కోస్తే ఎలా ఉంటుంది, దాని మొహం అలా ఉంది" అని ఫోన్ ఆవిడకే చూపించింది.

రమణమ్మ గారి ముఖం మాడిపోయింది. "గూబ! ఓయమ్మో, ఇంటి పక్కన గూబనా?"

కోటయ్య గారు తుండుగుడ్డ దులిపి భుజాన వేసుకున్నారు. "పీడా పోయింది. ఇంకేం అడ్డం? పొద్దున్నే ట్రాక్టరు."

సుజాత ఎలకల సంగతి చెప్పింది. ఆయన ఎలకల మందు ఉందన్నారు. పిల్లలు ఎగిరేదాకా ఆగమంది. పని ఆగదన్నారు. మేం రాకపోయి ఉంటే ఆ గోడ అలాగే ఉండేది. పిట్టల కోసమని వచ్చి, ఉన్న పిట్టల్నే బయటపెట్టాం.

మాతో వచ్చిన నలుగురూ వెళ్ళిపోయారు. నాలుగున్నర బస్సుకి వెనక్కి వెళ్ళాలని నా లెక్క. మా వారికి ఫోన్ చేసి ఆలస్యమవుతుందన్నాను. రమణమ్మ గారి దగ్గరికి వెళ్ళి, "పిన్నిగారూ, ఇన్నాళ్ళూ మీరు పాలు పోసింది ఎవరికో పొద్దుగూకాక ఒక్కసారి కళ్ళతో చూడండి. తర్వాత మీ ఇష్టం" అన్నాను.

"చీకటి పడ్డాక గూబ మొహం చూడకూడదమ్మాయ్" అన్నారు. కానీ పొద్దు వాలుతుంటే వచ్చి గట్టు మీద, మాకు కాస్త ఎడంగా కూర్చున్నారు. కోటయ్య గారు కూడా వచ్చారు, ట్రాక్టరుకి దారి చూసుకోవడానికట.

సూర్యుడు దిగిపోయాడు. పక్క చేలో మిరప కల్లం మీది ఎరుపు నల్లబడింది. రేకుల కింది కన్నంలో ఏదో తెల్లగా కదిలింది. అది బయటికి వచ్చిందని తెలిసేలోపే మా నెత్తి మీదుంది. పావురం ఎగిరితే రెక్కలు టపటపమంటాయి కదా, దీనికి ఏ చప్పుడూ లేదు. పైన బంగారు రంగు, కింద పాలతెలుపు. మా ఐదుగురి మీదుగా, చెయ్యి చాపితే అందేంత ఎత్తులో, గాలి కూడా కదలకుండా వెళ్ళింది. ఒక్క క్షణం తల తిప్పి మమ్మల్ని చూసింది. నా ఒళ్ళంతా రోమాలు లేచాయి. కల్లం అంచున ఆగి, గాల్లోనే నిలబడి, రాయిలా కిందపడింది. లేచేసరికి కాళ్ళలో ఎలక. మళ్ళీ మా మీదుగానే వచ్చి కన్నంలోకి వెళ్ళింది. లోపల బుస ఆకాశాన్నంటింది.

"అన్నం అడుగుతున్నాయి" అంది సిరి.

గూబ రెండోసారి వచ్చి వెళ్ళాక రమణమ్మ గారు నోరు విప్పారు. "ఇక్కడ దీపం పెట్టి మొక్కుకున్నాకే మా అమ్మాయి కానుపు తేలిగ్గా అయింది. రెండుసార్లు పోయి, మూడోసారి నిలిచిన బిడ్డ. ఆ మొక్కు విన్నది సుబ్బారాయుడో, ఇదో నాకేం తెలుసు? ఆ గోడలో ఉన్నోళ్ళే విన్నారు. విన్నోళ్ళని పిల్లలతో సహా గెంటుతామా?" భర్త వైపు తిరిగారు. "అవి ఎగిరిందాకా ఇటుక కదిల్చావంటే చూడు."

"పామున్నా నీ మాటే, పాము లేకపోయినా నీ మాటేనా!" అని ఆయన గొణిగారు. కాసేపటికి గట్టు అవతలికి వెళ్ళి ఫోన్‌లో, "రేపు ట్రాక్టరు వద్దు, రాబాకరా. ఎందుకా? ఇంట్లో బాలింత ఉంది" అనడం వినిపించింది.

ఏడున్నరకి పర్చూరులో బస్సు దొరికింది. సగం ఖాళీ. మీలో ఎవరైనా ఇలాంటి పనికి వెళితే మూకుళ్ళు పెట్టండి, కర్రలు నాటండి, అవి మంచి పనులే. అంతకంటే ముందు, ఆ బీడులో ఇప్పటికే ఎవరున్నారో చూడండి. చూశాక ఎవరికి ఎలా చెప్పాలో కూడా ఆలోచించుకోండి. పిల్లలు ఎగిరాక ఆ గోడ ఉంటుందో లేదో నాకు తెలియదు. బస్సు కిటికీ బయట పొలాలన్నీ చీకటే. పొద్దున ఈ దారిలోనే, ఇది ఉత్త మైదానం, చూడటానికేముంది అనుకున్నాను. ఇప్పుడు ఆ చీకటి మీద ఎన్ని తెల్లటి రెక్కలు చప్పుడు లేకుండా తిరుగుతున్నాయో అని అద్దం మీంచి చూపు తిప్పుకోలేకపోయాను.

నిద్రపోయిందనుకున్న సిరి నా ఒళ్ళోంచి తల ఎత్తింది.

"అమ్మా, మనం వెళ్ళినప్పుడు అవి బుస్సుమన్నాయి కదా. మనం కరుస్తామనుకున్నాయా?"

"అనుకునే ఉంటాయి."

"మనం కరవం అని చెప్పావా?"

"రమణమ్మ అమ్మమ్మ అక్కడే ఉందిగా. చెబుతుందిలే."

సరేనని కిటికీకి ముక్కు ఆనించింది. దాని నెత్తిన టోపీ లేదని అప్పుడు చూశాను. బీడులోనే ఎక్కడో వదిలేసి వచ్చాం.