తల వాల్చిన పికప్ బండి

తొంభైల మొదట్లో సంగతి. మాకు కొత్తగా పెళ్లయిన రోజులు. మా ఆయనకు ఫిల్మ్ నగర్‌లో మెకానిక్ షెడ్డు ఉండేది. ఓ మధ్యాహ్నం మోతీనగర్ నుంచి అన్నం క్యారియర్ పట్టుకెళ్లాను. సినిమా ఫైటింగ్ సీను కోసం మా ఆయన ఎత్తు పెంచిన పికప్ బండి అక్కడ ఉంది. వెనక బాగా లేచి, ముందు భాగం కిందికి వాలి ఉంది. దాన్ని సమానం చేయడానికి ముందువైపు జాకీ పెట్టి, మా ఆయన కింద పడుకుని పని చేస్తున్నారు.

ఇంతలో బండి యజమాని కోపంతో ఊగిపోతూ వచ్చాడు.

"ఏందిది? షూటింగ్‌ల నా బండి తల వంచుకొని నిలబడాల్నా?"

"జర ఆగన్నా, ముంగట గూడ లేపుతున్న," అన్నారు మా ఆయన కింద నుంచే.

అతను కోపం పట్టలేక జాకీని తన్నాడు. బండి ధడేల్మని కూలింది. మా ఆయన పెట్టిన కేక ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. బండి కింద అడ్డం పెట్టుకున్న పాత టైరు ఛాతీని కాపాడింది కానీ, చెయ్యి ఇనుము కింద నలిగిపోయింది.

నాకు ఒళ్లు తెలియలేదు. క్యారియర్‌తో అతని మొహం పగిలేలా కొట్టాను. మళ్లీ కొట్టాను. అతను నా జుట్టు పట్టి గోడకేసి తోశాడు. లేచి అతని చెయ్యి కొరికాను. అప్పుడు మా ఆయన మూలుగు వినిపించింది.

"చస్తున్నడు! జాకీ పట్టు!" అని అరిచాను.

మా మొహాల మీద నెత్తురు కారుతుండగానే అతనూ నేనూ కలిసి జాకీతో బండిని లేపాం. అతనే మా ఆయన్ను బయటికి లాగి, భుజాన వేసుకుని ఆసుపత్రికి పరిగెత్తాడు.

చెయ్యి దక్కింది, రెండు వేళ్లు పోయాయి. అతని మీద కోపం ఎప్పుడో చల్లారింది. నా మీద నాకు భయం మాత్రం పోలేదు. ఆ రోజు నా చేతిలో ఇనుప రాడ్డు ఉండి ఉంటే, అతన్ని చంపేసేదాన్ని.