కాగితం తడిసిన శుక్రవారం

నీళ్లనూ కరెంటునూ ఒకే డబ్బాలో పెట్టడం తెలివైన పని అని నేను ఇప్పటికీ అనను. మా మనుమరాలు పెట్టింది. గోపన్‌పల్లిలో, మా ఇంట్లోనే, ఒక శుక్రవారం పొద్దున.

అది ఆఫీసు మానేసి, ఇంకా కట్టని అపార్టుమెంట్లను కట్టినట్టే కంప్యూటర్లో బొమ్మలు చేసి చూపించే పని పట్టుకుంది. నార్సింగి బిల్డర్ ఇచ్చిన మొదటి పని శనివారం మధ్యాహ్నానికి అందాలి. అందకపోతే తిరిగి ఆఫీసుకు పోతానని వాళ్లమ్మకు, అంటే మా కోడలికి, మాటిచ్చింది. కంప్యూటరేమో వేడెక్కి మధ్యలో ఆగిపోయేది. లోపలి ఫ్యాన్లు పిండిమరలా మోత పెట్టేవి. అందుకని పంపు, గొట్టాలు తెప్పించి తనే బిగించింది. కారు ఇంజన్లో లాగే నీళ్లు తిరుగుతూ వేడిని మోసుకుపోతాయట.

కంప్యూటర్ పక్క అద్దం ఊడదీసి, డబ్బాను బల్ల మీద పడుకోబెట్టి, గొట్టాల్లోకి డిస్టిల్డ్ వాటర్ పోసింది.

"ఇప్పుడు పంపు ఒక్కటే నడుస్తది, నాయినమ్మా. మిగతా దేనికీ కరెంటు లేదు. అతుకులకాడ కాగితాలు పెట్టిన. ఏదన్న తడిస్తే పిలువు."

దాని పక్కన పలక పట్టుకొని కూర్చొని ముసలితనంలో అక్షరాలు నేర్చుకున్నదాన్ని. అది చెప్పినట్టు వినడం నాకు అలవాటే. కూర్చున్నాను. కోడలు తన శుక్రవారం పనుల్లో గదిలోకి వచ్చి పోయింది. కాసేపటికి పంపు దగ్గరి కాగితం మీద తడి కనిపించింది.

పిలిచాను. పరుగున వచ్చి పంపు ఆపి, నీళ్లు తోడేసి, అతుకు విప్పి రబ్బరు రింగు మార్చింది. మళ్లీ నీళ్లు పోసింది. మళ్లీ అక్కడే తడి. ఇంట్లో ఇంకో రింగు లేదు.

"నేను ముందే చెప్పిన," అంది కోడలు. "ఆ బిల్డర్‌కు ఫోన్ చేసి కాదని చెప్పు. సోమవారం ఆఫీసుకు పో."

పిల్ల ఫోన్ తీసింది. ఇంకో చేత్తో ఆ కాగితాన్ని కిటికీ వెలుగుకు పట్టి ఆగిపోయింది.

"నేను పోసిన నీళ్లకు రంగే లేదు. దీనికి పసుపెక్కడిది?"

కోడలు కొంగు సర్దుకుంది. "శుక్రవారం గద. ఇల్లంత పసుపు నీళ్లు చల్లిన. రెండోసారి ఆ పంపుకాడ్నే చల్లిన, జర దిష్టి పోతదని…"

"కంప్యూటర్ల చల్లినవా అమ్మా?"

"కొత్త వస్తువు గద."

"కీడు పోవాలని కీడునే తెచ్చినవు," అన్నాను.

"మీరు అక్కడ్నే కూసున్నరు గద అత్తమ్మా. సూడలేదా?"

"ఇన్నేండ్ల సంది ప్రతి శుక్రవారం సూస్తున్న. ఇగ కొత్తగ ఏం కనవడ్తది?"

ఎవరూ నవ్వలేదు. గొట్టాలు కారలేదు, నిజమే. కానీ లోపల ఇంకెక్కడ చుక్క పడిందో ఎవరికి తెలుసు? తడి మీద కరెంటు పారితే కంప్యూటరూ పోతుంది, శనివారమూ పోతుంది. పిల్ల ఒక్కో భాగం ఊడదీసి తుడిచి, టేబుల్ ఫ్యాన్ ముందు పరిచింది. మధ్యాహ్నం అన్నం ముట్టలేదు.

సాయంత్రం మళ్లీ బిగించింది. గోడ స్విచ్చు మీద కోడలు చేయి పెట్టి నిలబడింది, పొగ వస్తే ఆపేయడానికి. పిల్ల బటన్ నొక్కింది.

చప్పుడే లేదు. మోత ఉన్నన్నాళ్లూ మిషన్ బతికే ఉందని తెలిసేది. ఇప్పుడు పోయిందో ఉందో తెలియదు. పిల్ల గొట్టం మీద వేలు పెట్టి చాలాసేపు తీయలేదు.

"గోరువెచ్చగైతున్నది," అంది చివరికి. తెర మీద ఒక బాల్కనీ లేచింది.

"ఇగ తిందాం రా అమ్మా," అని కోడల్ని పిలిచింది.

"మీరు తినుండ్రి. నేను ఈడ్నే ఉంట."

కోడలికి పళ్లెం స్విచ్చు దగ్గరికే తీసుకెళ్లి ఇచ్చాను. ఎడమ చేయి స్విచ్చు మీదే ఉంచి తింది.

శనివారం పని అందింది. ఆఫీసు మాట కోడలు మళ్లీ ఎత్తలేదు. పసుపు నీళ్లు చల్లడమూ మానలేదు. ఆ గది తలుపు మాత్రం ముందే దగ్గరికేస్తుంది.