గట్టు మీద విడిచిన చెప్పులు

రెంజల్ దగ్గరి తన చెరకు తోటలోకి కాశయ్య ఏనాడూ చెప్పులతో దిగలేదు. గట్టు మీద వాటిని పక్కపక్కనే విడిచి, మట్టిని వేలితో తాకి కళ్లకద్దుకునేవాడు. "దేవుని అర్రలకు చెప్పులేసుకొని పోతమా?" అనేవాడు. ఆ చెప్పులు కనబడితే చాలు, భార్య రేణుకమ్మ మనసు కుదుటపడేది. ఊగే పచ్చదనం లోపల ఎక్కడో ఆయన ఉన్నట్టే.

ఏళ్లుగా ఆయనకు చక్కెర జబ్బు. పాదాలు మెల్లగా మొద్దుబారాయి. "ఈ నడుమ నేల మెత్తగైందే" అని మురిసిపోయాడే కానీ, మారింది నేల కాదని ఆయనకు తట్టలేదు.

ఈసారి చెరకు కొట్టించాక, పదునైన మోడు ఒకటి అరికాల్లో దిగింది. ఆయనకు తెలియనే లేదు. సాయంత్రం గడప మీద నెత్తురు మరక చూసి రేణుకమ్మే కేక వేసింది.

"గింతదానికి దవఖానా ఎందుకే? ఇంట్ల పసుపు లేదా?"

పసుపు పండించే చోట పసుపును ఎవరు అనుమానిస్తారు? రోజూ దట్టంగా మెత్తుకున్నాడు. ఆ బంగారు రంగు కింద పుండు ఎర్రబడింది, నల్లబడింది. నొప్పి లేదు కదా, మానుతున్నదనే అనుకున్నారు ఇద్దరూ.

ఒక ఉదయం ఆయన గజగజ వణుకుతూ లేచాడు. రేణుకమ్మను చూసి, చనిపోయిన తన తల్లిని పిలిచినట్టు, "అవ్వా, ఎడ్లకు నీళ్లు పెట్టినవా?" అన్నాడు. ఎడ్లను అమ్మి ఎన్నేళ్లయిందో! ఆమె వీధిలోకి పరుగెత్తింది. పక్కింటి దేవిదాస్ ఆటోలో నిజామాబాద్ తీసుకుపోయారు.

డాక్టర్ జ్యోతిరాణి పుండు కడిగించి, పరీక్షలన్నీ చూసింది. "అవ్వా, పుండుల క్రిములు నెత్తురుల కలిసినయ్. బీపీ పడిపోయింది. గుండె కూడా నీరసపడ్డది."

"గుండెకేం రోగం లేకుండె బిడ్డా. తాకింది కాలుకు గదా!"

"నెత్తురు కాలు కాడనే ఆగుతదా? ఆ విషం గుండె బలం గుంజేసింది. పెద్ద వయసు, పైగా షుగరు. తట్టుకునుడు కష్టం."

పక్కనున్న స్కానింగ్ తెర మీద ఆయన గుండె కదులుతోంది. బూడిదరంగు వెన్నెల్లో తడిసిన పిట్ట రెక్క ఎత్తలేక ఎత్తుతున్నట్టు. రేణుకమ్మ చాలాసేపు దాన్నే చూసింది.

"లో వోల్టేజీల మోటారు తిరుగుతది గని నీళ్లెత్తది. గట్లనా?"

"అచ్చం గట్లనే. మందులు పనిచేస్తే కరెంటు మళ్ల రావచ్చు. మాటైతే ఇయ్యలేను."

ఆమె ఆయన పడక వదల్లేదు. చివరికి జ్వరం దిగిన ఒక మధ్యాహ్నం, ఆయన చెంచాను పక్కకు నెట్టాడు.

"ఈ చారుల ఉప్పేది? ఎవరు చేసిండ్రు?"

"నోరు లేసింది! ఇగ బతికినట్టే," అంటూ ఆమె ఏడుస్తూ నవ్వింది.

గుండె చాలావరకు తేరుకుందనీ, మరోసారి ఇలాంటి జ్వరం వస్తే తట్టుకోకపోవచ్చనీ డాక్టర్ చెప్పింది. రోజూ పాదాలు చూసుకోవాలి. బూట్లు లేకుండా తోటలో దిగకూడదు.

కాశయ్య గోడ వైపు తిరిగాడు. "అయితే తోటకే పోను."

ఇంటికొచ్చాక అన్నంత పనీ చేశాడు. వాకిట్లో కూర్చుని దారి వైపు చూసేవాడు. తిరిగొచ్చిన ఆ కాస్త కరెంటు ఇలా వాకిట్లోనే ఆరిపోతుందేమోనని రేణుకమ్మకు భయం పట్టుకుంది.

కొత్త పిలకలు మోకాలెత్తు లేచిన పొద్దున, మెత్తటి బూట్లు తొడిగించి ఆయన్ని గట్టుదాకా నడిపించింది. అలవాటుగా ఆయన బూట్లు విప్పడానికి వంగాడు. ఆమె ఆపింది. తన చెప్పులు విడిచి తోటలోకి దిగి, మట్టి తీసి కళ్లకద్దుకుంది.

"తల్లీ, ఈయన కాళ్లల్ల సోయి లేదు. ఈయన మొక్కు గూడ నేనే మొక్కుతున్న. బూట్లతోని వస్తడు, కోపం చెయ్యకు."

"ఒప్పుకున్నదా?" అన్నాడు కాశయ్య, గట్టు మీది నుంచే.

"నీ లెక్క మొండిదా ఆమె? దా."

ఆమె చేయి పట్టుకుని ఆయన మెల్లగా దిగాడు. గట్టు మీద ఆమె చెప్పులు పక్కపక్కనే ఉండిపోయాయి.