జాబ్ కార్డుని నమ్మిన ఫిట్టరు

నిన్న మధ్యాహ్నం ఆఫీసులో క్యారేజీ విప్పానో లేదో ఫోన్ మోగింది. "మేడమ్, మీ కారు సర్వీసు టైమ్ అయింది, ఈ నెలాఖరు వరకే ఎక్స్‌ఛేంజ్ ఆఫర్ కూడా ఉంది" అని ఒక అమ్మాయి గుక్క తిప్పుకోకుండా చెప్పింది. కారు నాది కాదమ్మా, మా మావయ్యది అంటే, "అయితే మీరొకటి కొనుక్కోండి మేడమ్" అంది. కోరాపుట్ చలికి గడ్డకట్టిన పప్పన్నం కలుపుకుంటూ ఒక్కదాన్నే నవ్వుకున్నాను. మా మేనమామ కారు కొన్న రోజునే కాగితాల్లో నా నంబరు రాయించాడు. కారు ఆయనది, ఫోన్లు నావి.

మావయ్య జేకేపూర్ కాగితం మిల్లులో ఫిట్టరుగా చేరి, ఫిట్టరుగానే రిటైరయ్యాడు. కాలనీ క్వార్టరు ఖాళీ చేసి రాయగడ ఊళ్లో రెండు గదుల ఇల్లు వేసుకున్నాక, అత్త బస్సెక్కితే కడుపులో తిప్పుతుందన్న వంకతో చిన్న కారు కొన్నాడు. వంక అత్తది, మోజు ఆయనది. నన్ను చూడ్డానికి ఘాట్ రోడ్డు మీద కోరాపుట్ దాకా వచ్చి, దిగగానే నన్ను పలకరించకుండా బానెట్ మీద చెయ్యి వేసి వేడి చూసుకునేవాడు. అలాంటి మనిషి కారుని తన చేత్తో విప్పుకోకుండా షోరూముకి ఎందుకిచ్చేవాడంటే, వారంటీ పోతుందని వాళ్లు పెట్టిన భయం. వారంటీ తీరిపోయాక కూడా ఆ భయం తీరలేదు. ఆయిల్ మార్చమని పంపితే కారు సెంటు సీసాతో, అడగని సీటు కవర్లతో, ఏమిటో అర్థం కాని "కోటింగ్"తో ఇంటికి వచ్చేది. ఇదేమిటి మావయ్యా అంటే, "జాబ్ కార్డులో రాసేరు కదమ్మీ, అవసరవే అయ్యుంటాది" అనేవాడు.

ఆయనకి జాబ్ కార్డంటే అంత గురి. మిల్లులో ఏ పని చేసినా దాని మీద రాసి సంతకం పెట్టాలి. బోల్టు బిగించానని ఒకడు రాస్తే, తరవాతి షిఫ్టు వాడు ఆ మాట నమ్మి మెషీన్ కింద చెయ్యి పెడతాడు. అబద్ధం రాస్తే ఆ చెయ్యి పోతుంది. అందుకని అన్నేళ్లలో చెయ్యని పని చేశానని ఆయన ఒక్కసారీ రాయలేదు. అందరూ అంతే అనుకున్నాడు, పిచ్చి మావయ్య.

ఒక ఏడు చలికాలంలో షోరూము సర్వీస్ అడ్వైజరు జాబ్ కార్డు మీద "ఇంజిన్ బలహీనం" అని రాసి, ఒడియాలో బాబాయి అని పిలిచినట్టు, "మౌసా, ఈ బండితో ఘాట్ ఎక్కొద్దు. ఎక్స్‌ఛేంజ్‌లో ఇచ్చేయండి" అన్నాడు. మావయ్య చెవికి ఇంజిను చప్పుడు బాగానే ఉంది. అయినా కాగితం బాలేదంటోంది. మూడు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. "నా సెవి పోయినాదమ్మీ. ఫిట్టరికి సెవి పోతే ఏటుంటాది?" అన్నాడు నాతో. కారు పోతుందని కాదు ఆయన దిగులు, తను పనికిరాకుండా పోయానని. సెలవు పెట్టి రాయగడ వెళ్లాను.

షోరూములో మర్యాదలకి లోటు లేదు. టీ ఇచ్చారు, కొత్త కారులో కూర్చోబెట్టారు, అత్త చేతికి తాళమిచ్చి ఫొటో తీశారు. టై కట్టుకున్న అడ్వైజరు సంతకం కాగితాలు ముందు పెట్టాడు. మావయ్య పెన్ను పట్టుకుని కూడా ఇంకా వెనకాడుతుంటే, రుజువు చూపిస్తానని మమ్మల్ని పాత కారు దగ్గరికి తీసుకెళ్లి బానెట్ ఎత్తాడు. ఎయిర్ ఫిల్టర్ పైకి తీసి, "చూడండి మౌసా, మూడు నెలల కింద కొత్తది వేశాం, అప్పుడే ఇలా నల్లబడింది. ఇంజిన్ పని అయిపోయిందనడానికి ఇంతకంటే ఏం కావాలి?" అన్నాడు. మావయ్య తల వంచుకున్నాడు.

తాడిదన్నేవాడి తలదన్నేవాడు ఉంటాడంటారు. అత్త కళ్లజోడు సవరించుకుని ఫిల్టర్ మీదికి వంగింది.

"ఇది కొత్తదా బాబూ?"

"అవును మౌసీ, నేనే దగ్గరుండి మార్పించాను."

"మరి ఇశ్వకర్మ పూజకి నానెట్టిన బొట్టు ఇక్కడేటి సేస్తంది?"

మిల్లు కాలనీ అలవాటు. విశ్వకర్మ పూజ నాడు మావయ్య కారులో ఊడొచ్చేవన్నీ ఊడదీసి, తుడిచి, పాత దుప్పటి మీద పరుస్తాడు. అత్త ప్రతిదానికీ నూనెలో కలిపిన సింధూరం పెడుతుంది. పూజ జరిగింది, కొత్త ఫిల్టర్ వేశామన్న ఆ సర్వీసుకి నెల ముందు. ఫిల్టర్ అంచున అత్త వేలిముద్రతో సహా సింధూరం ఎర్రగా ఉంది. అడ్వైజరు ఫిల్టర్‌ని అటూ ఇటూ తిప్పి చూసి, "కంపెనీవాళ్లే పూజ చేసి పంపారేమో మౌసీ" అన్నాడు. పక్క బండి కింద పడుకున్న మెకానిక్కు నవ్వు ఆపుకోలేక కాళ్లు కొట్టుకున్నాడు.

మావయ్య నవ్వలేదు. పెన్ను తిరిగి అతని జేబులో పెట్టాడు. "జాబ్ కార్డు మీద సంతకం నీదే కదా బాబూ? మార్సకపోతే మార్సలేదని రాయి. కాయితం నమ్మి మిషను కింద సెయ్యెట్టినోడు ఏటైపోతాడు?" అని మాత్రం అన్నాడు. అడ్వైజరు మొహం ఎర్రబడింది. నాకు అతన్ని చూస్తే కొంచెం జాలి కూడా వేసింది.

అప్పుడు మావయ్య మెకానిక్కు దగ్గర పొడుగాటి స్క్రూడ్రైవరు అడిగి తీసుకున్నాడు. నన్ను ఇంజిను స్టార్ట్ చెయ్యమని, దాని మొన ఇంజినుకి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. మిల్లులో బేరింగులు వినే పద్ధతి అది. ఎంతసేపు విన్నాడో. చివరికి కళ్లు తెరిచి, "దీనికేటి? గుర్రంలాగుంది" అన్నాడు. ఆ పాత కారులోనే తిరిగి వెళ్లేటప్పుడు రైల్వే గేటు దగ్గర అందరికంటే ముందు హారన్ కొట్టింది ఆయనే. పోయిన ఏళ్లని కాలం ఎవరికీ తిరిగివ్వదంటారు గానీ, ఆ మధ్యాహ్నం మా మావయ్యకి ఒక పదేళ్లు తిరిగిచ్చింది, వెనక సీట్లో కూర్చుని నేను చూశాను.