నీలం తిరిగిన డ్రిల్లు బిట్టు

నా చిన్నప్పుడు తిరుత్తణిలో అవ్వా తాతయ్యల దగ్గర పెరిగాను. ఒక ఆయుధపూజకి తాతయ్య డ్రిల్లు బిట్లన్నింటినీ మా అవ్వ ఇటుక పొడి వేసి ఇత్తడి చెంబుల్లాగా తోమి, పసుపూ కుంకుమా పెట్టింది. పటం ముందు అవి తళతళలాడుతుంటే ఆమె మురిసిపోయింది. ఆ భక్తికి పదునంతా పోయిందని అప్పుడు ఎవరికీ తెలియలేదు.

మరుసటి రోజు పొద్దున్నే మా అమ్మ తమ్ముడు, మా మామ, ఒక ఇనుప బిళ్ళ పట్టుకుని సైకిల్ మీద వచ్చాడు. బావి దగ్గర మోటారుని పంపుకి కలిపే బిళ్ళ అది. అందులో బోల్టు విరిగి సగం లోపలే ఇరుక్కుంది. వరి పొట్ట మీదుంది, మడి నెర్రెలు విచ్చింది, వాన జాడ లేదు. చేనికి కరెంటు మధ్యాహ్నం దాకానే. ఆ రోజు దసరా పండగ కాబట్టి తిరువళ్ళూరు దాకా పోయినా కొట్లు తెరిచి ఉండవు. ఆ మడే మా అందరికీ ఏడాది తిండి.

ఇంటి వెనక రేకుల షెడ్డులో తాతయ్య పనిచేసుకునేవాడు. విరిగిన బోల్టు ముక్కని తొలిచి తీయాలని దాని మీద బిట్టు పెట్టి డ్రిల్లు తిప్పాడు. అది కీచుమని రుద్దుకుంది తప్ప దిగలేదు. ఆ సైజుది ఒకటే ఉంది, సానపట్టాలి. ఆయనేమో కంటి ఆపరేషన్ అయి నల్లద్దాల్లో ఉన్నాడు, సన్నటి అంచు కనపడదు. మామకి కాలూ చేయీ ఆడటం లేదు. తాతయ్య నన్ను పిలిచాడు. రోజూ పక్కన కూర్చుని చూసేదాన్ని కదా, అదే నా కొంప ముంచింది.

"రెండు పక్కలా సమంగా పోవాల మే. అదిమి పెట్టొద్దు. తాకించి తీసెయ్యి, నీళ్ళల్లో ముంచు," అన్నాడు.

వెనక మామ "శీక్రం కానీ మే, కరెంటు పోతాది" అంటూనే ఉన్నాడు. తొందరగా అయిపోవాలని సాన చక్రానికి గట్టిగా అదిమాను. నిప్పురవ్వలు లేచాయి. తీసి చూస్తే కొస నీలం తిరిగింది. ఉక్కు కాలి మెత్తబడితే అలా తిరుగుతుంది, ఇక అది ఇనుములో దిగదు.

మామ నెత్తి కొట్టుకున్నాడు. "పోయె నాయనా, అంతా పోయె. పసిబిడ్డ చేతికి ఇస్తారా ఎవురైనా?"

నేను ఏడుస్తూ బిట్టుని తాతయ్య వైపు చాచాను. ఆయన తీసుకోలేదు. ముందు మామని, ఎదురింట్లో కొత్త బోల్టు ఏదైనా ఉందేమో అడుక్కురమ్మని పంపేశాడు. తర్వాత "కాలినంత మేర అరగదీసెయ్యి. లోపల మంచి ఉక్కే ఉండాది" అన్నాడు, చెంబెడు నీళ్ళు తెమ్మన్నంత మామూలుగా. నాకు ఆయన మీద ఒళ్ళు మండింది. ఇంత జరిగాక కూడా నన్నే ఎందుకు చంపుతాడు అనుకున్నాను.

అయినా తాకించాను, తీశాను, ముంచాను. మధ్యమధ్యలో ఆయన బొటనవేలితో తడిమి ఏ పక్క ఎత్తుందో చెప్పేవాడు. మెల్లగా నీలం పోయి తెల్లటి ఉక్కు బయటపడింది. ఈసారి తాతయ్య డ్రిల్లు తిప్పితే, రెండు అంచుల నుంచీ ఇనుము మురుకుల్లా చుట్టలు చుట్టలుగా లేచింది. మామ బోల్టుతో తిరిగొచ్చేసరికి పాత ముక్క బయటికొచ్చేసింది. కరెంటు పోకముందే మడికి నీళ్ళు పారాయి.

నేను పెద్దయ్యాక ఎందరో ఆడపిల్లలకు కుట్టుపని నేర్పాను. ఎవరైనా గుడ్డ తప్పుగా కత్తిరించి, ఏడుపు మొహంతో కత్తెర నా వైపు చాస్తే, నేను ఇప్పటికీ చేతులు వెనక్కి పెట్టుకుంటాను.