కారు పేరుకు ఏ గమ్ము?

ఉగాది నుంచి అడుగుతున్నాను, మా తమ్ముడు ఇంతవరకు జవాబివ్వలేదు. వాడు ధర్మవరంలో కార్లకు పెయింట్ వేస్తాడు. నా కారుకు కూడా వేసి, ఊడదీసిన కంపెనీ గుర్తును, పేరు అక్షరాలను కవర్లో పెట్టి నా చేతికిచ్చాడు. ఏ గమ్ముతో అంటించాలిరా అని మెసేజ్ పెడితే చూస్తాడు, చూసి ఊరుకుంటాడు.

మొన్న వాడినే నేరుగా అడుగుదామని హిందూపురం నుంచి బస్సులో వెళ్తుంటే ఆ కవరు నా ఒళ్లో ఉంది. పెనుకొండలో ఎక్కి నా పక్కన కూర్చున్నాయన దాన్ని చూశాడు.

"ఏమప్పా, కారు యాడ పోయింది? పేరొక్కటే మిగిలిండాదే!"

సంగతి చెప్పాను.

"నాకేం తెల్సు? ఉండు, మా తమ్ముడు కదిరిలో ఇదే పని చేస్తాడు."

ఫోన్ చేస్తే తమ్ముడు ఒక్క రింగుకే ఎత్తాడు. స్పీకర్లో నాకూ వినిపించింది.

"యాడుండావన్నా? తిన్నావా?"

గమ్ము సంగతి ఆ తర్వాతే వచ్చింది.

"సూపర్ గ్లూ వద్దని చెప్పన్నా, పెయింట్ తెల్లబడతాది. పాత జిగురంతా తుడిచి, కార్లకు వాడే డబుల్ సైడ్ టేపు వేసుకోమను. కదిరికొస్తే నేనే అంటిస్తా."

ఆయన నవ్వుతూ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. ఆ నవ్వు చూడలేక కిటికీ వైపు తిరిగాను. ధర్మవరంలో దిగేటప్పుడు పోయొస్తానని కూడా చెప్పలేదు.

టేపు ఆ రోజే కొన్నాను, మా తమ్ముడి దగ్గరికి మాత్రం పోలేదు. ఇంకా అంటించలేదు. ఎవరి తమ్ముడో చెప్పిన మాట మీద నా కారుకు నేనేమీ అంటించను.

ఒరేయ్, ఇది నువ్వు చదువుతావని తెలుసు. ఏ గమ్ము వాడాలో నువ్వు చెప్పు.