గొళ్ళెం పెట్టిన శనివారాలు

మా లెక్కల మేడంగారు పోయారన్న సంగతి గురువారం పొద్దున్న బడి వరండాలో తెలిసింది. అప్పుడు నేను హాజరు కోసం ఫోనుకి మొహం చూపిస్తున్నాను. ఆ యాప్ నా మొహాన్ని ఏనాడూ ఒక పట్టాన ఒప్పుకోదు. ఇంతలో స్క్రీను మీదకి స్టాఫ్ గ్రూపు సందేశం దిగింది. "మన మేడంగారు ఈ తెల్లవారుజామున ప్రభువునందు నిద్రించారు." చదివాను. చదివి కూడా, టైము దాటితే లేటు పడుతుందని, ఫోను దించకుండా అలాగే నిలబడ్డాను. హాజరు పడింది. ఆ తర్వాతే ల్యాబు గదిలోకి వెళ్ళి కూర్చోగలిగాను. మా ఉద్యోగంలో ఏడవాలన్నా ముందు హాజరు పడాలి.

ఆవిడ గురించి రాయమని తోటి టీచర్లు నన్నే అడిగారు. ఆవిడతో ఎక్కువ కాలం పనిచేసినవాణ్ణి నేనే కాబట్టి అడిగారు. వాళ్ళకి తెలియనిదేమిటంటే, ఆవిడ గురించి ఉన్నదున్నట్టు రాయాలంటే నా గురించి కూడా ఒక సంగతి రాయాలి. పదకొండేళ్ళుగా దాన్ని ఎవరి కంటా పడకుండా దాచుకుంటూ వచ్చాను. ఇవాళ పాఠకుల ముందు పెడుతున్నాను.

రాజోలు, తాటిపాక మధ్య కాలవగట్టు మీద మా హైస్కూలు. నేను అక్కడ ఫిజిక్స్ చెబుతాను. చేరిన రోజున స్టాఫ్ రూములో ఒక పెద్దాయన టీ గ్లాసు అందిస్తూ, "ఏ కోటాలోనండీ తమరు?" అని నవ్వుతూ అడిగారు. మా తాత పరాయి చేలల్లో పాలేరుతనం చేశాడు. మా నాన్న మిషను బళ్ళో చదువుకుని ఎలిమెంటరీ టీచరయ్యాడు. మా ఇంట్లో టీచరుగా హైస్కూలు గుమ్మం ఎక్కిన మొదటివాణ్ణి నేను. ఆ టీ తాగుతూనే ఒట్టు పెట్టుకున్నాను, ఈ గదిలో నా నోటి వెంట 'నాకు తెలియదు' అన్న మాట రాకూడదని. ఆ ఒట్టు నన్ను కాపాడుతుందనుకున్నాను. అది నన్నే కట్టి పడేసింది.

మేడంగారిది కూడా మా పేటే, చర్చి వెనక వీధి. అప్పటికే జుట్టు సగం నెరిసింది. ముడిలో ఎప్పుడూ ఒక పెన్సిలు గుచ్చి ఉండేది. "పెన్నుతో రాస్తే మనసు మార్చుకోడానికి సిగ్గేస్తుందండీ" అనేవారు.

శనివారాల కథ ఒక తనిఖీతో మొదలైంది. టీచరన్న ప్రతివాడూ పాఠ్య ప్రణాళికలు రాసి పెట్టాలి. వాటి చివర 'పాఠం ఎలా జరిగింది' అని ఒక గడి ఉంటుంది. నేను ఆ రికార్డంతా నాకు ముందు పనిచేసినాయన పాత పుస్తకం చూసి దింపేశాను. ఆ చివరి గడి వరకూ నాది చూసి సోషల్ మాష్టారు, ఆయనది చూసి బయాలజీ టీచరుగారు దింపారు. ఫిబ్రవరిలో తనిఖీకి వచ్చిన అధికారి మూడు రికార్డులూ పక్కపక్కన పెట్టుకుని పైకి చదివారు. "భారీ వర్షము వలన సగము మంది విద్యార్థులు హాజరు కాలేదు." మూడింటిలోనూ అదే వాక్యం. బయట ఎండకి కొబ్బరాకు కూడా కదలడం లేదు. హెడ్మాష్టారుగారికి ముచ్చెమటలు పట్టాయి. నాకైతే భూమి చీలిపోతే బాగుండుననిపించింది.

అధికారి వెళ్ళాక మేడంగారు మా దగ్గరికి వచ్చారు. తిడతారనుకున్నాం. "కాపీ కొట్టడానికి ముగ్గురూ ఎంత బాగా కలిసేరండీ! అదే కలవడం ఆలోచించడానికి కలుద్దురూ" అన్నారు.

ఆ శనివారం ఆఖరి గంట కొట్టగానే మా ముగ్గుర్నీ, మాతో పాటు తెలుగు, హిందీ మాష్టార్లనీ ల్యాబు గదిలోకి తోలారు. మేం లోపలికి వెళ్ళాక తలుపు దగ్గరగా వేసి, గొళ్ళెం ఠక్కుమనిపించి, తలుపుకే ఆనించి కుర్చీ వేసుకుని కూర్చున్నారు. తెలుగు మాష్టారు బెదిరిపోయారు.

"అదేంటండీ, నాకు అమలాపురం బస్సుందండీ!"

"ఆయ్, బస్సుకేం, ఇంకోటి వస్తాదండీ. పాఠం తేలేదాకా ఎవురూ కదలకూడదు."

అలా ఏళ్ళ తరబడి సాగింది. ఆవిడ పద్ధతి పైకి తేలిగ్గానే ఉండేది. వారానికి ఒక్క పాఠమే. అన్నీ ఒకేసారి బాగుచెయ్యబోతే ఒక్కటీ బాగుపడదని ఆవిడ నమ్మకం. ఆ పాఠం చెప్పే టీచరు మొదట నోరు మూసుకుని కూర్చోవాలి. ఆ సబ్జెక్టు రానివాళ్ళే పిల్లల్లాగా ప్రశ్నలు వెయ్యాలి. కాగితం మీద మొదటి వాక్యం ఎప్పుడూ ఒకటే, 'ఇందులో పిల్లలు ఎక్కడ తడబడతారు?' లక్ష్యాలు, ఉపకరణాలు వగైరాలన్నీ దాని తర్వాతే. సోమవారం ఆ పాఠం తరగతిలో చెబుతుంటే మిగతావాళ్ళు వెనక బెంచీలో కూర్చోవాలి. అయితే టీచరు వంక చూడకూడదు. తలా ఇద్దరు పిల్లల్ని ఎంచుకుని వాళ్ళు ఏమంటున్నారో, ఎక్కడ ఆగిపోతున్నారో రాసుకోవాలి. "మాష్టారు బాగా చెప్పేరా లేదా అన్నది మనకెందుకండీ. పిల్లకి తగిలిందా లేదా చూడండి" అనేవారు. పాఠం చెడితే పాఠాన్నే తిట్టాలి తప్ప మనిషిని పల్లెత్తు మాట అనకూడదు.

స్టీలు డబ్బాలో కొబ్బరి లౌజు తెచ్చేవారు. అది బల్ల మధ్యలోనే ఉండేది, కానీ పాఠం ఒక కొలిక్కి వచ్చేదాకా మూత తీసేవారు కాదు. సోషల్ మాష్టారు ఆ డబ్బా వంక చూస్తూ అడిగిన ప్రశ్నల్లో కొన్ని నిజంగా గొప్పవి.

మొదటి వారం తన పాఠమే పెట్టారు. ఋణసంఖ్యని ఋణసంఖ్యతో గుణిస్తే ధనసంఖ్య ఎందుకొస్తుందని తెలుగు మాష్టారు అడిగారు. మేడంగారు పెన్సిలు బల్ల మీద పెట్టేశారు.

"ముప్పయ్యేళ్ళ నుంచీ చెప్తన్నానండీ. ఎందుకో నాకే సరిగ్గా తెలీదు. రండి, చూద్దాం."

ఇంత సీనియరు, అందరి ముందు, ఎంత తేలిగ్గా అనేశారు! ఇంటికి వెళ్తూ దారిలో ఉండబట్టలేక అడిగాను, మీకు భయం వెయ్యలేదా అని.

"ఎందుకెయ్యదండీ? మాయమ్మ కోతల కూలికెళ్ళేది. నాకు రాదంటే 'ఆ, వీళ్ళింతేలే' అంటారేమోనని నాకూ వణుకే. అందుకే గొళ్ళెం పెడతాను. ముందు నేను పారిపోకుండాను."

ఆ మాట నాకోసమే అన్నారని ఆ క్షణంలోనే తెలిసింది. తెలిసీ నవ్వేసి ఊరుకున్నాను.

మరుసటేడు నా వంతుల్లో ఒకసారి కరెంటు వచ్చింది. పదో తరగతి విద్యుత్తు పాఠం. మేడంగారే అడిగారు. "బల్బు ముందు తీగలో ఉన్న కరెంటు, బల్బు దాటేక కూడా అంతే ఉంటాదా, తగ్గుతాదా అండీ?" అప్పటికి నాలుగేళ్ళుగా ఆ పాఠం చెబుతున్నాను. ఆ సంగతి ఒక్కరోజు కూడా ఆలోచించలేదు. సూత్రాలు చెప్పడం, లెక్కలు చేయించడం, అంతే. ఐదు జతల కళ్ళు నా మీదే ఉన్నాయి. తలుపు మూసి ఉంది. 'తెలియదు' అన్న మాట గొంతు దాకా వచ్చింది. అక్కడే టీ గ్లాసు పట్టుకున్న పెద్దాయన నవ్వు మొహం అడ్డొచ్చింది.

"తగ్గుతుందండీ. బల్బు వాడేసుకుంటుంది కదా" అన్నాను ఖాయంగా. ఆవిడ పెన్సిలుతో రాసుకున్నారు.

సోమవారం తరగతిలో అదే చెప్పాను. మూడో బెంచీలోంచి కాలవ లాకుల దగ్గర నీళ్ళు వదిలే లస్కరు కూతురు లేచింది. "తగ్గదేమోనండీ. లాకు దగ్గర పైనున్న నీళ్ళే కిందకి దిగుతాయండీ. ఎత్తు తగ్గుతాది గానీ నీళ్ళు తగ్గవు కదండీ" అంది. నేను గట్టిగా, "లాకు సంగతి కాదమ్మా, కరెంటు సంగతి. కూర్చో" అన్నాను. క్లాసంతా నవ్వింది. ఆ పిల్ల మొహం కందగడ్డలా అయిపోయింది. ఏడాది చివరి దాకా నా క్లాసులో మళ్ళీ నోరు విప్పలేదు.

మేడంగారు ఆ రోజు ఎంచుకున్న ఇద్దరు పిల్లల్లో ఆ అమ్మాయి ఒకతె. సాయంత్రం నా చేతిలో ఒక చీటీ పెట్టారు. ఆ పిల్ల అన్న మాటలు ఉన్నవున్నట్టు పెన్సిలుతో రాసి ఉన్నాయి. పక్కన మరో ముక్క లేదు.

"నాకు ఫిజిక్సు రాదు కదండీ. మీరు ఓసారి చూడండి" అన్నారు అంతే.

ఆ సాయంత్రమే ఇంటర్ పుస్తకాలు తీశాను. కరెంటు తగ్గదు. బల్బుకి ముందూ తర్వాతా ఒక్కటే. బల్బు దగ్గర పడిపోయేది పొటెన్షియల్. ఆ పిల్ల అన్న ఎత్తు అదే. నా డిగ్రీకి అందనిది కాలవగట్టు మీద పెరిగిన పిల్లకి అందింది. ఆ తర్వాత సరిదిద్దుకోవడం ఎంతసేపు? మర్నాడు తరగతిలో ఒక్క వాక్యం చాలు. కానీ ఆ వాక్యం చెబితే వెనక బెంచీలో కూర్చున్న ఐదుగురికీ కూడా చెప్పాలి. చెప్పలేకపోయాను. తర్వాతి ఏళ్ళలో ఆ భాగం వచ్చినప్పుడల్లా నోట్సు రాయించేసి, ఎవరైనా అడగబోతే "అది పరీక్షకి రాదు" అని నోరు మూయించేవాణ్ణి. నిజం తెలిసి కూడా దాని చుట్టూ గోడ కట్టుకుని లోపల కూర్చున్నాను.

మేడంగారు వదల్లేదు, అలాగని రచ్చకీ ఈడ్చలేదు. ఏటా ఒకసారి, "మీ కరెంటు పాఠం మళ్ళీ ఓ శనివారం పెట్టుకుందామా అండీ?" అనేవారు. "ఆయ్, తప్పకుండానండీ" అనేవాణ్ణి. ఆ శనివారం నాకు జ్వరం వచ్చేది, లేకపోతే చుట్టాల పెళ్ళి పడేది. రిటైరయ్యాక కూడా ఆవిడ శనివారం శనివారం ఆటో ఎక్కి డబ్బా పట్టుకుని వచ్చేవారు. వస్తున్నారంటే అందరికీ సంతోషం. నేను మాత్రం ఆ గొళ్ళెం చప్పుడు వినగానే ఆ వారం ఎవరి వంతో లెక్కపెట్టుకునేవాణ్ణి.

పోయినేడు పక్షవాతం వచ్చి మంచాన పడ్డారు. శనివారాలు ఆగిపోయాయి. యాప్‌లు, ఫొటోలు, అప్‌లోడ్‌లు వాటి స్థానంలోకి వచ్చి కూర్చున్నాయి. నాకు లోలోపల హాయిగా అనిపించిందని చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గుపడుతున్నాను.

నెల కిందట చూడ్డానికి వెళ్ళాను. కుడి చెయ్యి పడిపోయింది. మాట ముద్దముద్దగా వస్తోంది. దిండు పక్కన పెన్సిలు ఉంది. నన్ను చూసి చాలాసేపు ప్రయత్నించి, "కరెంటు పాఠం... అయ్యిందా అండీ?" అన్నారు.

"ఆయ్. అయ్యిందండీ" అన్నాను.

ఆవిడ మొహం విచ్చుకుంది. కోడలి వైపు తిరిగి, "మాష్టారికి లౌజు పెట్టమ్మా" అన్నారు. పాఠం తేలితేనే మూత తీసే డబ్బా అది. కోడలు తెచ్చి ప్లేటులో పెట్టింది. నోట్లో పెట్టుకుని మింగలేక, కక్కలేక అలా కూర్చున్నాను. ఆవిడ నన్నే చూస్తున్నారు. నమ్మారో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.

శుక్రవారం సమాధుల తోటలో పాటలు పాడి, తలా గుప్పెడు మట్టి వేసి వచ్చాం. శనివారం ఆఖరి గంట కొట్టాక ఎవరూ ఎవర్నీ పిలవలేదు, కానీ ఒక్కొక్కరే ల్యాబు గదిలోకి వచ్చి బల్ల చుట్టూ కూర్చున్నారు. డబ్బా ఉండే చోటు ఖాళీగా ఉంది. తెలుగు మాష్టారు తలుపు వంక చూసి, "గొళ్ళెం ఎవరు పెడతారండీ?" అన్నారు. ఇన్నేళ్ళలో ఆవిడ తప్ప ఎవరూ దాన్ని ముట్టుకోలేదు. నేను లేచాను.

తలుపు దగ్గరగా వేసి గొళ్ళెం లాగాను. ఠక్కుమంది. చెయ్యి తియ్యగానే తలుపు మెల్లగా జారి జానెడు తెరుచుకుంది. మళ్ళీ లాగాను, మళ్ళీ తెరుచుకుంది. వంగి చూశాను. గొళ్ళెం తగిలించుకునే కొంకి గుమ్మానికి లేదు. అది ఉండాల్సిన చోట రెండు మేకుల బెజ్జాలు, వాటి చుట్టూ తుప్పు మరక ఉన్నాయి. కొంకి ఊడిపోయి ఎన్నేళ్ళయిందో! ఆవిడ ప్రతి శనివారం చప్పుడు మాత్రం చేసి, తలుపుకి కుర్చీ ఆనించుకుని కూర్చునేవారన్నమాట. ఆ గదిలోంచి ఎవరైనా, ఎప్పుడైనా లేచి వెళ్ళిపోవచ్చు. ఆ సంగతి ఆవిడకి తెలుసు.

ఆ సందులోంచి వరండా, గేటు, అమలాపురం బస్సు కోసం నిలబడ్డ జనం కనిపిస్తున్నారు. వెళ్ళాలంటే నాకూ దారి ఉంది. వెనక్కి వచ్చి కూర్చున్నాను. పర్సులోంచి ఆనాడు ఆవిడ ఇచ్చిన చీటీ తీశాను. మడతల దగ్గర పెన్సిలు గీతలు చెరిగిపోయాయి, అయినా చదవడానికి వస్తోంది.

"సోమవారం నా కరెంటు పాఠం" అన్నాను. "పదకొండేళ్ళ క్రితం ఒక పిల్ల నాకు సరైన జవాబు చెప్పింది. తప్పని కూర్చోబెట్టేను. అప్పుడు నాకు తెలీదు. తెలిశాక కూడా మీకెవరికీ చెప్పలేదు."

ఎవరూ నవ్వలేదు. బయాలజీ టీచరుగారు కాగితం ముందుకు లాక్కుని పెన్సిలు తీసుకున్నారు.

"ఆ పిల్ల ఏమందో చదవండి మాష్టారూ."

చదివాను. ఆ అమ్మాయి ఇప్పుడు కువైట్‌లో నర్సు అని విన్నాను. ఇది నీ దాకా వస్తే, అమ్మా, ఆ రోజు నువ్వు చెప్పిందే రైటు. మేం ఆ పాఠం మీద పొద్దు వాలేదాకా కూర్చున్నాం. అమలాపురం బస్సులు రెండు వెళ్ళిపోయాయి. తలుపు జానెడు తెరిచే ఉంది. మూయడానికి గానీ, వెళ్ళడానికి గానీ ఒక్కరూ లేవలేదు.